ఎండకాలమున కుండీ కూరలకు బొట్టు నీరు



ఉగాది పండుగ వెళ్లినది మొదలు తొలకరి పడువఱకు మన పల్లెలలో కూరగాయలకు కొఱత తప్పదు. బావులలో నీరు అడుగంటును. బోర్లు గంట పోసి గంట నిలుచును. ఉన్న నీరు చీనీ చెట్లకును, మల్బరీకిని, పశువులకును సరిపోవుటయే గగనమగును. పొలమున కూర పెట్టుటకు వీలులేని ఆ రెండు మూడు మాసములలో మనము సంతకు పోయి, వాడిన బెండకాయలను, ముదిరిన వంకాయలను హెచ్చు వెల యిచ్చి కొని తెచ్చుకొనుచున్నాము. పండించువాడు కొని తినుట కొంత సిగ్గుచేటు, చాల నష్టము. ఇందుచేతనే పెరటియందును, మిద్దె మీదను, కుండీలలో, పాత డబ్బాలలో, సంచులలో నాలుగు కూరమొక్కలు పెంచు నలవాటు పెక్కు గృహములలో ఏర్పడినది. ఇది మంచి యలవాటు.

అయితే యీ కుండీలకు నీరు పోయు పని సాధారణముగా ఇంటి స్త్రీల మీదనే పడుచున్నది. 20 కుండీలకు దినమునకు 40 లీటర్లనగా మూడు బిందెల నీరు. వేసవి మాసములు మూడింటికిని లెక్కించినచో 270 బిందెలు. వీధి కుళాయి నుండి గాని, ఎవరి బోరు నుండి గాని చంకనెత్తుకొని తెచ్చు నీరిది. ఇంత శ్రమపడి తెచ్చిన నీటిలో ఒక చెంబైనను వ్యర్థము కారాదు. తెచ్చిన పిమ్మట మొక్క యెండిపోవనురాదు. ఈ రెండును సాధించుటకు డ్రిప్పు పద్ధతి చక్కగా ఉపకరించును. కాని దానిని పొలమున వాడినట్లు కుండీలకు వాడినచో మోసపోవుదుము. నేనొకసారి అట్లే మోసపోయితిని గనుక ఆ సంగతిని ముందుగా విన్నవించి, తరువాత పద్ధతిని వివరించెదను.

నా యనుభవము

మా తోటలో చీనీ చెట్లకు డ్రిప్పు మార్చినప్పుడు పాత పైపులును, డ్రిప్పర్లును కొట్టములో మిగిలిపోయెను. ఒక వేసవిలో వానిని కడిగి పెరటిలోని 20 కుండీలకు అమర్చితిని. 200 లీటర్ల డ్రమ్మును మీటరు ఎత్తు రాతికట్ట మీద నిలిపి, దాని యడుగున కుళాయి బిగించి, కుండీకొక డ్రిప్పరు చొప్పున పెట్టితిని. అవి గంటకు 4 లీటర్లు విడుచు రకము. అరగంట విడిచిన 2 లీటర్లు. మొక్కకు దినమునకు 2 లీటర్లు. కాగితము మీద లెక్క సరిపోయినది. నెల దినములు మొక్కలు బాగుగనే యుండెను. నేను చూచినవారికెల్ల దీని గొప్ప చెప్పుచుంటిని.

మే మాసమున బంధువుల యింట వివాహమునకై మేమందఱమును నాలుగు దినములు ఊరు విడిచి పోవలసివచ్చెను. దినమునకు అరగంట కుళాయి తిప్పుమని ప్రక్క యింటి పిల్లవానికి చెప్పి పోతిమి. తిరిగి వచ్చి చూడగా మిరప, వంగ మొక్కలు సగమునకు పైగా మాడిపోయి యుండెను. అరుగు మీది కుండీలలోని టమాటా మొక్కలలో ఒక్కటియు మిగులలేదు. పిల్లవాడు ఆటలో పడి మఱచిపోయినాడని నేను వానిని గద్దించితిని. వాడు కండ్ల నీరు పెట్టుకొని, "లేదు మామా, దినమును తిప్పినాను" అని ప్రమాణము చేసెను.

అప్పుడు నా భార్య డ్రమ్ము మూత తీసి చూచినది. నాలుగు దినములకు 160 లీటర్లు ఖర్చు కావలసియుండగా డ్రమ్ములో ముప్పాతిక వంతు నీరు నిలిచియే యున్నది. ఆమె కుళాయి తిప్పి, ఒక డ్రిప్పరు క్రింద గ్లాసు పెట్టి, పావుగంట కాచినది. లీటరు నీరు రావలసినచోట మూడవ వంతు మాత్రమే వచ్చినది. అరుగు మీది కుండీలో పావు లీటరు కూడ నిండలేదు. "మీరు గడియారమును చూచి నీరు పెట్టితిరి గాని గ్లాసును చూచి పెట్టలేదు. సాయంకాలమున మొక్కలు తలలు వ్రేలవేయుట చూచి నేను దినమును చెంబుతో పోయుచునే యుంటిని" అని యామె చెప్పగా నాకు నోట మాట రాలేదు. నెల దినములు మొక్కలను బ్రతికించినది నా డ్రిప్పు గాదు, ఆమె చెంబు. మఱునాడు ఆ పిల్లవాని యింటికి పోయి, "తప్పు నాది నాయనా" అని చెప్పి వచ్చితిని.

ఆ తప్పు ఎచ్చట జరిగినదో తెలిసికొనుటకు రెండు సంగతులు గ్రహింపవలెను: ఒకటి కుండీ యొక్క గుణము, రెండవది నీటి యొత్తిడి.

పొలము వేఱు, కుండీ వేఱు

పొలములోని వంగమొక్క పైమట్టి యెండినప్పుడు వేరును లోతునకు దింపి నీరు వెదకికొనును. కుండీలోని మొక్కకు ఆ దారి లేదు. నాలుగు ప్రక్కల గోడ, క్రింద అడుగు. మనము పోసినదే దానికి నీరు.

మొక్క దినమునకు ఎంత నీరు త్రాగునో చూతము. మన సీమలో ఏప్రిల్, మే మాసములందు వేడిగాలి వీచు దినమున, పచ్చని పైరు కప్పిన నేల నుండి సుమారు 6 మొదలు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరియై పోవును. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. ఏపుగా పెరిగిన వంగమొక్క రెండడుగుల వెడల్పున కొమ్మలు పఱచుకొన్నచో, అది కప్పు చోటు చదరపు మీటరులో నాలుగవ వంతునకు కొంచెము మించును. కావున ఆ మొక్కకు దినమునకు సుమారు 2 లీటర్లు కావలెను. ఒంటరిగా నిలిచిన కుండీకి అన్ని వైపుల నుండియు వడగాలి తగులును గనుక మఱియొక అర లీటరు చేర్చుకొనుట మంచిది.

ఇక కుండీ యెంత నీటిని దాచుకొనగలదు? 15 లీటర్ల మట్టి పట్టు కుండీలో వేరు పీల్చుకొనదగిన నీరు ఇంచుమించు 3 లీటర్లు. అందులో సగము ఖర్చగుసరికి మొక్కకు బాధ మొదలగును. అనగా నిశ్చింతగా వాడుకొనదగినది లీటరున్నర మాత్రమే. ఖర్చు రెండున్నర, నిలువ లీటరున్నర! దినకూలి మీద బ్రదుకు కుటుంబములో మూడు దినముల గ్రాసము నిలువ యుండనట్లే, కుండీలోను ఎల్లుండికి నీరుండదు. పొలమునకు వారమునకొక తడి యిచ్చువానికి ఇది వింతగా తోచవచ్చును. కాని రోళ్లు పగులు రోహిణికార్తెలో కుండీకి ఉదయమొక తడి, సాయంకాలమొక తడి తప్పనిసరి.

ఒక్కసారియే 4 లీటర్లు క్రుమ్మరించిన చాలదా యని కొందఱడుగుదురు. చాలదు. పట్టగలిగినంతకు మించిన నీరు అడుగు రంధ్రము గుండ జాఱిపోవును. పోవుచు ఎఱువు సారమును కూడ వెంట తీసికొనిపోవును. కొంచెము కొంచెముగా, పలుమాఱులు, నెమ్మదిగా ఇచ్చుటయే దీనికి ఉపాయము. డ్రిప్పు వలని లాభము కుండీకి ఇచ్చటనే కలదు.

డ్రిప్పు పుట్టుక, దాని భాగములు

బొట్టు బొట్టుగా నీరిచ్చు నేటి డ్రిప్పు పద్ధతిని ఇజ్రాయెలు దేశమున సింహా బ్లాస్ అను నీటి యింజనీరు రూపొందించెను. 1965 లో హట్జెరిం అను గ్రామమువారు ఆయనతో కలిసి డ్రిప్పర్లను తయారుచేయు సంస్థను స్థాపించిరి. ఆ గ్రామము కిబ్బుట్జ్ అను సమష్టి జీవన పద్ధతి మీద నడచునది. సహకార సంఘ సభ్యులమైన మనకు ఈ సంగతి సంతోషము గలిగింపకపోదు. మన రాష్ట్రమున 2003 లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము ప్రారంభమైన పిమ్మట డ్రిప్పు పల్లెపల్లెకును ప్రాకినది. కావున నేడు పైపు ముక్కలును, డ్రిప్పర్లును దొరకని యూరు అరుదు.

కుండీలకు కావలసిన సామాను స్వల్పము. మూతగల 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. దాని యడుగునకు నాలుగు వ్రేళ్ల పైన కుళాయి. మఱియు అడుగునకు దింపినచో మడ్డి పైపులోనికి పోవును. కుళాయి ప్రక్కన చిన్న జల్లెడ ఫిల్టరు. అచ్చటి నుండి 16 మిల్లీమీటర్ల నల్ల పైపు కుండీల వరుస వెంబడి పోవును. ఆ పైపునకు రంధ్రములు చేసి, సన్న గొట్టపు ముక్కలు తగిలించి, వాని కొనలకు డ్రిప్పర్లు పెట్టవలెను. పైపు చివరను మడిచి కట్టవలెను. శుభ్రపఱచుటకు విప్పుట సులభమగును. కుండీలన్నియు సాధ్యమైనంతవఱకు ఒకే మట్టమున నుండవలెను. ఎత్తున నున్న దానికి నీరు తగ్గును, పల్లమున నున్న దానికి హెచ్చును. అరుగు మీది నా టమాటా మొక్కలు ముందుగా చచ్చుటకు కారణమిదియే.

ఆసుపత్రిలో వాడిన సెలైను సీసాలతో బొట్టు నీరు పెట్టుట కొన్నిచోట్ల కలదు. మధ్యప్రదేశములోని ఝాబువా ప్రాంతమున కొందఱు రైతులు ఈ విధముగా కూరలు పండించిరి. ఆలోచన మంచిదే కాని, వాడి పాఱవేసిన సీసాలను, సూదులు తగిలిన గొట్టములను ఇంటికి తేవలదు. వాని వలన రోగములు అంటవచ్చును. మామూలు నీటి సీసాకు సన్న గొట్టమును, చిన్న కుళాయిని బిగించినను పని జరుగును.

ఒత్తిడి లెక్క, గ్లాసు పరీక్ష

డ్రిప్పరునకు చెప్పు గంటకు 4 లీటర్లు, 2 లీటర్లు అను లెక్క 10 మీటర్ల ఎత్తు నుండి దిగు నీటి యొత్తిడికి చెప్పినది. పొలములో మోటారు ఆ యొత్తిడిని కలిగించును. మీటరు ఎత్తు కట్ట మీది డ్రమ్ములో నున్న నీటికి అందులో పదవ వంతు ఒత్తిడియే యుండును. ఒత్తిడి పదవ వంతైనప్పుడు సామాన్యపు డ్రిప్పరు విడుచు నీరు ఇంచుమించు మూడవ వంతునకు దిగును. గంటకు 4 లీటర్లు రావలసినచోట లీటరుంబావు వచ్చును. డ్రమ్ములో మట్టము తగ్గిన కొలది అదియును తగ్గుచుండును. నా యింట జరిగినది సరిగా ఇదియే.

ఎగుడు దిగుడు నేలలకై, ఒత్తిడి మాఱినను ఒకే తీరున నీరు విడుచునట్లు చేసిన డ్రిప్పర్లు వేఱుగా కలవు. అవి పొలమునకు మేలైనవే గాని, ఎత్తు తక్కువగల డ్రమ్మునకు పనికిరావు. ఆ కొద్దిపాటి యొత్తిడికి సరిగా తెఱచుకొనవు. డ్రమ్మునకు సామాన్యపు డ్రిప్పర్లను గాని, తిప్పి హెచ్చించుటకు తగ్గించుటకు వీలైన డ్రిప్పర్లను గాని వాడవలెను. డ్రమ్మును మిద్దె మీద నుంచి పెరటి కుండీలకు నీరు దింపినచో మూడు నాలుగు మీటర్ల ఎత్తు కలిసి వచ్చును. వ్రాసిన దానిలో సగమునకు పైగా నీరు దొరకును. కుళాయిని తనంత తానే తిప్పు గడియారములను కొనువారును, అది తక్కువ యొత్తిడికి పనిచేయు రకమా కాదా యని ముందుగా విచారించి కొనవలెను.

ఏ డ్రిప్పరైనను సరే, గ్లాసు పరీక్ష చేయనిదే నమ్మరాదు. పరీక్ష యిట్లు: డ్రమ్ము నిండుగా నున్నప్పుడు, కుండీ మీద డ్రిప్పరు ఉండు ఎత్తుననే కొలత తెలిసిన పాత్ర నుంచి, పావుగంట పట్టవలెను. దానిని నాలుగింతలు చేసినచో గంటకు వచ్చు నీరు తెలియును. వరుసలో మొదటి కుండీకి, నడిమి దానికి, చివరి దానికి తప్పక చేయవలెను. డ్రమ్ము పావు వంతునకు దిగినప్పుడు మఱల నొకసారి చూడవలెను. ఆ యంకెలను సుద్దతో గోడ మీద వ్రాసియుంచినచో ఇంటిలో ఎవరైనను నీరు పెట్టగలరు. గంటకు లీటరుంబావు వచ్చు డ్రిప్పరుతో రెండున్నర లీటర్లు ఇయ్యవలెనన్నచో ఉదయమొక గంట, సాయంకాలమొక గంట విడువవలెను, అరగంట చాలదు.

మఱియొక సులభమైన కాపలా కలదు. డ్రమ్ము మీద 20 లీటర్లకొక గీత చొప్పున రంగుతో గీయవలెను. 20 కుండీలకు రెండేసి లీటర్లు పోయినచో దినమునకు రెండు గీతలు దిగవలెను. ఒక గీతయే దిగినచో ఎచ్చటనో పూడినదన్నమాట. నాలుగు గీతలు దిగినచో ఎచ్చటనో పైపు ఊడినదన్నమాట. ఈ గీతలే నాడు నా డ్రమ్ము మీద నుండినయెడల పిల్లవానిని నిందించు పాపము నాకు కలుగకపోవును.

ఏ మొక్కకు ఎంత, ఎప్పుడు

తోటకూర, మెంతికూర వంటి ఆకుకూరల చిన్న తొట్లకు అర లీటరు మొదలు లీటరు చాలును. మిరప, వంగ, బెండ, టమాటా మొక్కలకు 15 లీటర్ల కుండీలో రెండు, రెండున్నర లీటర్లు. బీర, కాకర, ఆనప తీగెలకు 30 లీటర్లకు తక్కువ గాని కుండీ కావలెను. పందిరి ప్రాకిన తీగె దినమునకు నాలుగైదు లీటర్లు త్రాగును. నారు నాటిన తొలి వారమున పావు లీటరు చొప్పున మొదలిడి, మొక్క పెరిగిన కొలది హెచ్చించవలెను.

కుండీ మట్టి గుల్లగా నుండును గనుక బొట్టు నీరు వెడల్పునకు ప్రాకక నిటారుగా క్రిందికి దిగును. అందుచే వెడల్పు కుండీకి రెండు డ్రిప్పర్లు, పెద్ద గోలెమునకు మూడు పెట్టవలెను. మొక్క మొదలికి ఆనించి పెట్టరాదు. నాలుగు వ్రేళ్ల దూరమున పెట్టినచో మొదలు కుళ్లదు, వేరు విస్తరించును.

తెల్లవాఱుజాము మొదటి తడికి మేలైన వేళ. అప్పుడు మట్టియు నీరును చల్లగా నుండును. మొక్క నిండుగా త్రాగి యెండకు సిద్ధమగును. రెండవ తడి సాయంకాలము నాలుగు గంటల తరువాత. వడగాలి కఠినముగా నున్న దినమున పదకొండు గంటల లోపల ఒక చిన్న తడి యిచ్చినను మంచిదే. కాని యెండలో పడియున్న నల్ల పైపులోని నీరు చేయి కాలునంత వేడెక్కును. ఆ మొదటి నీటిని చివరి ముడి విప్పి బకెటులోనికి వదలి, చల్లని నీరు వచ్చిన తరువాతనే కుండీలకు విడువవలెను. పైపు మీద గడ్డి గాని, గోనె గాని కప్పినచో ఈ బాధ తగ్గును.

కుండీని చల్లగా నుంచుట

నీరెంత పెట్టినను కుండీ కాలుచున్నచో వేరు త్రాగలేదు. నల్లని సంచి, ప్లాస్టికు డబ్బా, ఇనుప డబ్బా ఎండలో మిక్కిలి వేడెక్కును. కుండీ వెలుపలి వైపున సున్నము పూయుడు. గోనెసంచి చుట్టుడు. కుండీలను విడివిడిగా నుంచక గుంపుగా చేర్చినచో ఒకదాని నీడ మఱియొకదాని మీద పడును. పెద్దవానిని పడమటి వైపున నిలిపినచో సాయంకాలపు టెండ చిన్నవానికి తగులదు. మిద్దె మీద నుంచువారు కుండీల క్రింద ఇటుకలు గాని కఱ్ఱలు గాని పెట్టవలెను. కాలిన మిద్దె వేడి అడుగు నుండి వేరునకు ఎక్కదు, మిగులు నీరును సులభముగా దిగిపోవును.

మట్టి మీద రెండు వ్రేళ్ల మందమున ఎండుటాకులు గాని, వేరుసెనగ పొట్టు గాని, వరిగడ్డి గాని కప్పవలెను. ఇది కాసు ఖర్చులేని పని. దీనివలన పైమట్టి నుండి ఆవిరియై పోవు నీరు చాలవఱకు నిలుచును. మధ్యాహ్నపు టెండకు అడ్డముగా షేడ్ నెట్టు గాని, కొబ్బరి మట్టల పందిరి గాని వేసిన మఱియు మేలు. పందిరి దట్టముగా నుండరాదు. సగము వెలుగైనను లోనికి రావలెను.

కుండీ మట్టిలో మంచి మట్టి యొక పాలు, బాగుగా చివికిన పశువుల యెఱువు గాని వానపాముల యెఱువు గాని యొక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపినచో నీటిని పట్టు శక్తి పెరుగును. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండును గనుక రెండు మూడు మాఱులు మంచినీట కడిగి వాడవలెను. ఒక జాగ్రత్త: ఈ మిశ్రమము ఒకసారి పూర్తిగా ఎండినచో కుదించుకొనిపోయి కుండీ గోడ నుండి విడిపోవును. అప్పుడు విడిచిన నీరు ఆ సందు గుండ జాఱి క్రిందికి పోవునే గాని మట్టి తడియదు. అట్టి కుండీని నీళ్ల తొట్టిలో అరగంట నానబెట్టి, మట్టి మఱల ఉబ్బిన తరువాత డ్రిప్పు పెట్టవలెను.

ఉప్పు, పాచి, దోమ

మన బోరు నీరు పెక్కు చోట్ల సున్నపు నీరు, ఉప్పు నీరు. మొక్క నీటిని త్రాగి ఉప్పును మట్టిలో విడుచును. కుండీ మట్టి మీద తెల్లని పొర కనబడినను, ఆకుల కొనలు మాడినను ఇదియే కారణము కావచ్చును. పదునైదు దినములకొకసారి అడుగు రంధ్రము నుండి నీరు ధారగా కాఱువఱకు నిండుగా పోసి ఉప్పును కడిగివేయవలెను. ఆ దినమున మాత్రము నీటికి లోభింపరాదు.

ఆ సున్నమే డ్రిప్పరు నోటిలో పేరుకొని దానిని పూడ్చును. పూడిన డ్రిప్పర్లను ఊడదీసి, వినిగరులో గాని నిమ్మరసములో గాని రాత్రి యంతయు నానవేసి, ఊది, కడిగి పెట్టవలెను. వారమునకొకసారి ఫిల్టరును కడుగవలెను. పైపు చివరి ముడి విప్పి నీరు తేటయగువఱకు వదలవలెను. డ్రమ్ములోనికి వెలుతురు పోయినచో పాచి పట్టును. కావున మూత బిగువుగా నుండవలెను, డ్రమ్ము ముదురు రంగుదై నీడలో నుండవలెను. మూతకు సందున్నచో దోమ దూఱి గ్రుడ్లు పెట్టును. కుండీల క్రింది పళ్లెములలో నిలిచిన నీటిలోను డెంగ్యూ దోమ పెరుగును గనుక దానిని దినమును పాఱబోయవలెను. కూరకై రోగమును పెంచుకొనుట తగదు.

మొక్క చెప్పు గుఱుతులు

మిట్టమధ్యాహ్నమున ఆకులు వ్రేలబడినంత మాత్రమున నీరు చాలలేదని తొందరపడరాదు. ఎండ తగ్గగానే తలయెత్తినచో అది మొక్క తన్ను తాను కాపాడుకొను తీరు. తెల్లవాఱు సమయమునను వ్రేలబడియున్నచో వేరునకు బాధ కలిగినది. అప్పుడు మట్టిలోనికి వ్రేలు రెండంగుళములు దింపి చూడవలెను. పొడిగా నున్న నీరు చాలలేదు. బురదగా నున్న నీరు హెచ్చై వేరునకు గాలి ఆడుటలేదు. ఈ రెండవ దానికి మఱల నీరు పెట్టినచో ఆ మొక్కను మనమే చంపినవారమగుదుము.

టమాటా కాయ క్రింది భాగమున నల్లని మచ్చ పడి కుళ్లుట తఱుచుగా ఒక దినమెండి యొకదినము మునిగిన కుండీలలో చూతుము. నీరు క్రమము తప్పినప్పుడు మట్టిలో సున్నపు సారమున్నను కాయకు అందదు. మందు వెదకుటకు ముందు తడులను క్రమపఱచుకొనవలెను. టమాటా పూత రాలుట మాత్రము వేఱు సంగతి. పగలు వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడ చల్లబడనిచో పూవు పిందె కట్టదు. ఎంత నీరు పోసినను నిలువదు. కావున నడివేసవికి టమాటా మీద ఆశ తగ్గించుకొని, ఎండకు ఓర్చు బెండ, గోరుచిక్కుడు, వంగ, గోంగూర, తోటకూర, బచ్చలి, కాకరలను నమ్ముకొనుట మేలు.

ఊరు విడిచి పోవలసివచ్చినచో

పోవుటకు రెండు దినములు ముందుగా గ్లాసు పరీక్ష చేసి, డ్రమ్ము నింపి, కుండీలను నీడకు చేర్చవలెను. పెద్ద గోలెములలో పాత పద్ధతి యొకటి తోడు పెట్టవచ్చును. నూనె పట్టని, రంగు వేయని చిన్న మట్టికుండను మెడ వఱకు మట్టిలో పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. చుట్టునున్న మట్టి యెండిన కొలది కుండ గోడల నుండి నీరు ఊఱుచుండును. డ్రిప్పు పూడినను ఇది ఒకటి రెండు దినములు మొక్కను బ్రతికించును. ఇల్లు చూచువారికి, "డ్రమ్ము మీద రెండు గీతలు దిగువఱకు విడువుము" అని చెప్పవలెను గాని, "అరగంట విడువుము" అని చెప్పరాదు.

సంఘము చేయదగిన పని

ఇరువది కుండీలవాడు పైపు కొనబోయినచో దుకాణములో ముక్క వెల హెచ్చు. ఇరువదిమంది సభ్యులు కలిసి సంఘము ద్వారా ఒక చుట్ట పైపును, సంచెడు డ్రిప్పర్లను తెప్పించుకొని పంచుకొన్నచో అందఱికిని చౌక. రంధ్రములు చేయు పనిముట్టు ఇంటికొకటి అవసరము లేదు. సంఘ కార్యాలయమున ఒకటి యున్న చాలును. తోటలలో మార్చివేసిన పాత పైపులు గలవారు వానిని పాఱవేయక సంఘమునకు తెచ్చి యిచ్చినచో లేనివారికి ఉపయోగపడును. చైత్రమాసపు సమావేశమున ఒక డ్రమ్ము, ఒక వరుస కుండీలు, ఒక గ్లాసు పెట్టి ఈ పరీక్షను చేసి చూపినచో పది వ్యాసములు చదివిన దానికంటె హెచ్చు తెలియును. ఆ సమావేశమునకు ఇంటి స్త్రీలను తప్పక పిలువవలెను. నీరు మోయువారు వారు. లెక్క తెలియవలసినది ముందుగా వారికి. మా యింట తెలిసినదియును ముందుగా ఆమెకే.

ఇప్పుడు మా డ్రమ్ము మీద గీతలున్నవి. గోడ మీద సుద్దతో వ్రాసిన యంకెలున్నవి. వేసవి సెలవులలో మేము ఊరికి పోవునప్పుడు కుండీలను చూచువాడు ఆ పిల్లవాడే. తిరిగి వచ్చునప్పటికి వాడు బెండకాయలు కోసి వాకిట బుట్టలో పెట్టియుంచుచున్నాడు. అందులో సగము వాని యింటికే పంపుచున్నాము.